రక్షణ వ్యయం: డాలర్లు చూడాలా, జీడీపీ శాతమా, తలసరా?

స్టాక్‌హోమ్‌లో ఉన్న శాంతి పరిశోధన సంస్థ సిప్రి ఏటా ఏప్రిల్‌లో దేశాల సైనిక వ్యయం పట్టిక విడుదల చేస్తుంది. 2024 సంవత్సరపు పట్టికలో ఉక్రెయిన్, ఫ్రాన్స్ పక్కపక్క వరుసల్లో ఉన్నాయి. రెండింటి ఎదురుగా ఒకటే అంకె: 6,470 కోట్ల డాలర్లు. ర్యాంకు మాత్రమే చూసేవాళ్లకు ఇవి జోడు దేశాలు. చూపు పక్క గడిలోకి జరిపితే, ఫ్రాన్స్‌కు ఆ డబ్బు జీడీపీలో 2.1 శాతం. ఉక్రెయిన్‌కు 34 శాతం. ఏడాది పొడవునా దేశం సంపాదించినదాంట్లో మూడో వంతు యుద్ధానికే పోయింది. వసూలైన పన్నులన్నీ సైన్యం కిందే చెల్లిపోయాయి. జీతాలకు, పింఛన్లకు, ఆసుపత్రులకు బయటి దేశాల సాయం మీద ఆధారపడాల్సి వచ్చింది.

అందుకే ఈ పట్టిక మీద వాదులాట చూసినప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తుంది. ఎవరు ఎక్కువ ఖర్చు పెడుతున్నారో తేల్చడం కన్నా ముందు, దేంతో కొలుస్తున్నామో తేల్చుకోవాలి. కొలబద్దలు నాలుగైదున్నాయి. ఏదీ తప్పుడు లెక్క కాదు, కానీ ఒక్కొక్కటి ఒక్కో ప్రశ్నకే జవాబిస్తుంది. ప్రశ్న ఒకటి, కొలబద్ద ఇంకొకటి అయితే నిజమైన అంకెతోనే అబద్ధపు మాట చెప్పేస్తాం.

మొత్తం డాలర్లు

అన్నిటికన్నా ఎక్కువగా వాడేది ఇదే. 2024లో ప్రపంచం మొత్తం మీద సైనిక వ్యయం సుమారు 2.72 లక్షల కోట్ల డాలర్లు. అందులో అమెరికా ఒక్కటే 99,700 కోట్లు, అంటే 37 శాతం. తర్వాత చైనా, అంచనాగా 31,400 కోట్లు. రష్యా, అంచనాగా 14,900 కోట్లు. ప్రపంచంలో డబ్బు ఎటు పోతోంది, ఆయుధాల మార్కెట్‌లో బేరం ఆడే సత్తా ఎవరికుంది అన్న ప్రశ్నలకు ఈ కొలత చాలు. విదేశీ యుద్ధ విమానం కొనాలంటే డాలర్లే కట్టాలి కదా.

చిక్కు ఎక్కడంటే, చాలా దేశాల సైన్యాలు పూర్తిగా డాలర్లతో నడవవు. సైనికుడి జీతం, తిండి, బట్ట, స్థానిక ఫ్యాక్టరీలో తయారయ్యే ఫిరంగి గుండు, ఇవన్నీ సొంత కరెన్సీలో, సొంత ధరల్లో జరిగే ఖర్చులు. జీతాలు తక్కువున్న దేశంలో ఒక డాలరుకు ఎక్కువ మంది సైనికులు వస్తారు. మారకపు రేటుతో డాలర్లలోకి మార్చినప్పుడు ఈ తేడా కనపడకుండా పోతుంది. 2014, 2015ల్లో రూబుల్ విలువ పడిపోయినప్పుడు ఇదే జరిగింది. రష్యా తన సొంత డబ్బులో సైన్యం మీద ఎక్కువ ఖర్చు పెడుతుంటే, డాలర్ల గ్రాఫులో గీత కిందికి దిగింది. ఆ గీత చూసి రష్యా వెనక్కి తగ్గిందనుకుంటే పెద్ద పొరపాటే.

దీనికి విరుగుడుగా కొందరు కొనుగోలు శక్తి ప్రకారం, అంటే పీపీపీ ప్రకారం సర్దిన అంకెలు వాడతారు. అలా చూస్తే అమెరికాకూ చైనాకూ, అమెరికాకూ రష్యాకూ మధ్య దూరం బాగా తగ్గుతుంది. మనుషుల మీద ఎక్కువ ఆధారపడే సైన్యాలను పోల్చడానికి ఇది మెరుగైన కొలతే. అయితే సాధారణ పీపీపీ లెక్క బియ్యం, అద్దె, క్షవరం లాంటి ధరల నుంచి పుట్టింది. జలాంతర్గామి, ఉపగ్రహం, రాడార్ చిప్ ధరలు వాటి దారిన నడవవు. కాబట్టి పీపీపీ అంకెను పై హద్దుగానూ, డాలర్ల అంకెను కింది హద్దుగానూ తీసుకుని, నిజం ఆ రెంటి మధ్య ఎక్కడో ఉందనుకోవడమే నాకు క్షేమంగా తోస్తుంది.

దక్షిణ కొరియా బడ్జెట్‌ను కాస్త దగ్గరగా చూడండి. అక్కడ యువకులు నిర్బంధ సైనిక సేవ చేయాలి, పదాతి దళంలో 18 నెలలు. ఆ సేవలో పై మెట్టుకు చేరిన సార్జెంటుకు 2017లో నెలకు 2,16,000 వాన్లు ఇచ్చేవారు. 2025 నాటికి అది 15 లక్షల వాన్లు అయింది, ఏడు రెట్లకు దగ్గర. ఇదే కాలంలో సైన్యం పెరగలేదు సరికదా, 6 లక్షలకు పైగా ఉన్న బలగం 2022 నాటికి 5 లక్షలకు తగ్గింది. జీతాల పద్దులో పెరిగిన ఆ డబ్బు వల్ల ఒక్క తుపాకీ కూడా అదనంగా రాలేదు. మరి 2017లో ఆ కుర్రాడి శ్రమ అసలు ఖరీదెంత? ప్రభుత్వం కట్టనిది కుటుంబాలు కట్టాయి, చదువు, ఉద్యోగం వాయిదా పడ్డ రూపంలో. నిర్బంధ సేవ ఉన్న దేశాన్నీ, బయటి ఉద్యోగాలతో పోటీపడి జీతమిచ్చి మనుషులను తెచ్చుకునే దేశాన్నీ డాలర్ల అంకెతో పోల్చేటప్పుడు ఈ పద్దులోకి ఎక్కని ఖర్చును గుర్తుపెట్టుకోవాలి. ఫిన్లండ్, ఇజ్రాయెల్, సింగపూర్ లెక్కలకూ ఇదే వర్తిస్తుంది.

జీడీపీలో వాటా

దేశం మీద ఎంత భారం పడుతోంది అన్నది మీ ప్రశ్న అయితే, దీన్నే ఎంచుకోండి. మారకపు రేటు గొడవ ఉండదు, ఎందుకంటే పైనా కిందా ఒకే కరెన్సీ. 2024లో ప్రపంచ సగటు 2.5 శాతం. అమెరికా 3.4, చైనా అంచనాగా 1.7, పోలండ్ 4.2, రష్యా 7.1, ఇజ్రాయెల్ 8.8. ఎందుకు ఖర్చు పెడుతున్నారన్న ప్రశ్నకూ ఈ అంకెలోనే చాలాసార్లు సగం జవాబు దొరుకుతుంది. పోలండ్‌కు ఒక పక్క ఉక్రెయిన్, ఇంకో పక్క బెలారుస్, పైన రష్యాకు చెందిన కాలినిన్‌గ్రాద్. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద రష్యా దాడి మొదలయ్యాక పోలండ్ ఖర్చు ఎందుకు ఎగబాకిందో మ్యాప్ చూస్తే చెప్పనక్కర్లేదు.

కానీ ఇది భిన్నం. భిన్నంలో లవం మారినా విలువ మారుతుంది, హారం మారినా మారుతుంది. 2008 సంక్షోభం తర్వాత గ్రీసు ఆర్థిక వ్యవస్థ దాదాపు పావు వంతు కుంచించుకుపోయింది. రక్షణ ఖర్చు కూడా గట్టిగా కోశారు. అయినా శాతం మాత్రం 2కు పైనే నిలిచింది. అమెరికా, యూరప్ దేశాల సైనిక కూటమి నాటో పెట్టుకున్న 2 శాతం లక్ష్యం అందుకున్న కొద్ది దేశాల జాబితాలో గ్రీసు పేరు కనపడుతూ వచ్చింది. అదే సమయంలో ఆ దేశం పింఛన్లు కోస్తోంది. ఐర్లండ్‌ది ఇందుకు పూర్తిగా ఎదురు కథ. బహుళజాతి కంపెనీలు తమ మేధో ఆస్తులను అక్కడికి మార్చుకోవడంతో 2015లో ఆ దేశ జీడీపీ ఒక్క ఏడాదిలో 26 శాతం పెరిగినట్టు లెక్క తేలింది. అలా ఉబ్బిన హారం కింద ఏ ఖర్చయినా చిన్నదిగానే కనిపిస్తుంది. ఐర్లండ్ సైన్యం చిన్నదన్నది నిజమే. జీడీపీలో 0.2 శాతం అన్న అంకె దాన్ని ఇంకా చిన్నది చేసి చూపిస్తుంది.

అమెరికా చరిత్రలో ఈ మెలిక ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. వియత్నాం యుద్ధం ముమ్మరంగా సాగిన 1968లో సైనిక వ్యయం జీడీపీలో 9 శాతం దాపుల ఉండేది. 2024లో 3.4. ద్రవ్యోల్బణం తీసేసి చూస్తే మాత్రం ఇప్పటి ఖర్చే ఎక్కువ. ‘తగ్గింది’ అన్నవాడూ ‘పెరిగింది’ అన్నవాడూ ఇద్దరూ సరైన అంకెలే చూపిస్తారు. దేశం మోసే బరువు తగ్గింది, సైన్యానికి అందే డబ్బు పెరిగింది, ఎందుకంటే మధ్యలో దేశం చాలా ధనవంతమైంది.

సోవియట్ యూనియన్ విషయంలో జరిగింది ఇంకా విచిత్రం. 1976లో అమెరికా గూఢచార సంస్థ సీఐఏ తన అంచనాను ఒక్కసారిగా మార్చింది. అప్పటిదాకా సోవియట్ జాతీయోత్పత్తిలో 6 నుంచి 8 శాతం సైన్యానికి పోతోందని చెప్పినవాళ్లు, 11 నుంచి 13 శాతం అన్నారు. ట్యాంకులూ క్షిపణులూ రాత్రికి రాత్రి రెట్టింపు కాలేదు. అవి తయారు చేయడానికి సోవియట్ కర్మాగారాలకు తాము అనుకున్నదానికన్నా చాలా ఎక్కువ ఖర్చవుతోందని మాత్రమే తెలిసింది. అంటే శత్రువు బలం అంతే ఉంది, ఆ బలం కోసం వాళ్ల సమాజం మోస్తున్న బరువు రెట్టింపని తేలింది. భారం వేరు, బలం వేరు అనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

లక్ష్యాలుగా పెట్టుకునే శాతాల గురించి కూడా ఒక మాట. జపాన్ 1976లో తన ఖర్చు జాతీయోత్పత్తిలో 1 శాతం దాటకూడదని గీత గీసుకుంది. 1987లో ఆ నియమాన్ని అధికారికంగా పక్కన పెట్టినా, దశాబ్దాల పాటు ఆ చుట్టుపక్కలే ఉండిపోయింది. 2022 డిసెంబరులో 2027 నాటికి 2 శాతానికి వెళ్తామని ప్రకటించింది. 2024లో 1.4కు చేరింది, 1958 తర్వాత అదే అత్యధికం. నాటో 2014లో వేల్స్ సమావేశంలో 2 శాతం అంది, 2025లో హేగ్‌లో 2035 నాటికి 5 శాతం అంది. ఆ 5లో నేరుగా సైన్యానికి 3.5, మిగతా 1.5 రోడ్లు, వంతెనలు, సైబర్ భద్రత లాంటి వాటికి. గుండ్రని అంకెలు రాజీ కుదుర్చుకోవడానికి వీలుగా ఉంటాయి. ఫలానా ప్రమాదానికి ఇన్ని బ్రిగేడ్లు కావాలన్న లెక్కలోంచి పుట్టినవిగా వాటిని చదవకండి.

ప్రభుత్వ ఖర్చులో వాటా, తలసరి

పాలకుల మనసులో ఏముందో తెలియాలంటే ప్రభుత్వ ఖర్చులో వాటా చూడాలి. రష్యాది జీడీపీలో 7.1 శాతమే అయినా, 2024లో ప్రభుత్వం పెట్టిన ఖర్చులో 19 శాతం. అయిదింట ఒక వంతు అన్నమాట. ఆసుపత్రా, ఆయుధమా అన్న ఎంపిక జరిగేది ఈ స్థాయిలోనే. పన్నులు సరిగ్గా వసూలు కాని దేశాల్లో జీడీపీ శాతం చిన్నగానే ఉంటుంది, బడ్జెట్‌లో మాత్రం సైన్యం కొండలా కూర్చుని ఉంటుంది. అలాంటి చోట ఈ కొలతే నిజం చెబుతుంది.

ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. సమాఖ్య దేశాల్లో చదువు, వైద్యం చాలావరకు రాష్ట్రాల చేతుల్లో ఉంటాయి, సైన్యం కేంద్రం చేతుల్లో. కేంద్ర బడ్జెట్‌ను మాత్రమే హారంగా వేస్తే సైన్యం వాటా ఉబ్బిపోతుంది. భారత్‌లో 2025-26 కేంద్ర బడ్జెట్‌లో రక్షణ వాటా 13 శాతం పైచిలుకు. రాష్ట్రాల ఖర్చు కూడా కలిపితే అది బాగా కిందికి వస్తుంది. ఆ 13ను తీసుకెళ్లి, ఒకే ప్రభుత్వం అంతా చూసుకునే దేశం అంకె పక్కన పెడితే పోలిక చెడుతుంది.

తలసరి ఖర్చు నాకు అంతగా ఉపయోగపడలేదు. 2024లో ప్రపంచ సగటు మనిషికి 334 డాలర్లు. ఇజ్రాయెల్‌లో దాదాపు 4,900, చైనాలో 220 చుట్టుపక్కల. చిన్న ధనిక దేశాలు పైన, పెద్ద జనాభా దేశాలు కింద తేలతాయి, అంతకు మించి ఇది చెప్పేది తక్కువ. ఒకే ఆదాయ స్థాయిలో ఉన్న ఇరుగుపొరుగు దేశాలను పోల్చేటప్పుడు పక్కన వేసుకోవచ్చు.

మూట విప్పి చూడండి

పైవాటన్నిటి కన్నా నాకు ఎక్కువ విషయం చెప్పేది, డబ్బు లోపల ఎలా పంచుకున్నారన్న లెక్క. భారత్ 2025-26 రక్షణ బడ్జెట్ 6.81 లక్షల కోట్ల రూపాయలు. అందులో పింఛన్లకే 1.61 లక్షల కోట్లు. కొత్త ఆయుధాలు, విమానాలు, నౌకలు వంటి మూలధన వ్యయానికి 1.80 లక్షల కోట్లు. అంటే రిటైరైన సైనికులకు ఇచ్చేదీ, రేపటి సైన్యం కోసం కొనేదీ దగ్గరదగ్గరగా ఉన్నాయి. పింఛను వృథా అని ఎవరూ అనకూడదు, అది దేశం తీర్చాల్సిన బాకీ. కానీ మొత్తం అంకె చూసి పొరుగు దేశంతో బలాబలాలు బేరీజు వేసేవాళ్లు ఆ నాలుగో వంతును పక్కన పెట్టి చూడాలి. నాటో కూడా ఈ సంగతి తెలిసే 2 శాతంతో పాటు రెండో షరతు పెట్టింది, ఖర్చులో కనీసం 20 శాతం పెద్ద ఆయుధ సామగ్రికీ, వాటి పరిశోధనకూ వెళ్లాలని. ఆ రెండో అంకె పత్రికల పతాక శీర్షికల్లోకి ఎందుకో ఎక్కదు.

కొన్న ఖర్చుతో కథ అయిపోదు. అమెరికా ఎఫ్-35 యుద్ధ విమానాల జీవితకాల నిర్వహణకు 2018లో 1.1 లక్షల కోట్ల డాలర్లు అవుతుందని అంచనా వేశారు. 2023 అంచనా 1.58 లక్షల కోట్లు. ఈ ఏడాది ఖర్చు ఎందుకు పెరిగిందన్న ప్రశ్నకు జవాబు చాలాసార్లు ఇరవయ్యేళ్ల కిందట చేసిన సంతకంలో ఉంటుంది. విమానం కొన్నాక విడిభాగాలు, మరమ్మతులు, పైలట్ల శిక్షణ మానలేరు. అందుకే ప్రమాదం తగ్గినా ఖర్చు చప్పున తగ్గదు.

ఎవరి లెక్క తీసుకోవాలి?

చైనా ప్రకటించిన 2024 రక్షణ బడ్జెట్ సుమారు 23,000 కోట్ల డాలర్లు. సిప్రి అంచనా 31,400 కోట్లు. సాయుధ పోలీసు దళం, పరిశోధన లాంటి ఇతర పద్దుల్లో ఉన్నవాటిని సిప్రి లోపలికి తెస్తుంది. భారత్ విషయంలోనూ అంతే. రక్షణ శాఖ బడ్జెట్ జీడీపీలో 1.9 శాతం దాపుల ఉంటే, సరిహద్దు భద్రతా దళం లాంటి పారామిలిటరీ బలగాలను కూడా కలిపే సిప్రి 2024కు 2.3 అంటుంది. బ్రిటన్ 2015లో 2 శాతం గీత దాటడానికి అంతకుముందు లెక్కలో లేని యుద్ధ పింఛన్లను కలిపింది. నాటో నియమాలు అందుకు ఒప్పుకుంటాయి, నిజమే. కొత్తగా ఒక్క బూటు జత కూడా రాలేదన్నదీ నిజమే.

అసలు బడ్జెట్‌లోకే రాని డబ్బు మరో సంగతి. చిలీలో ప్రభుత్వ రాగి కంపెనీ ఎగుమతి ఆదాయంలో 10 శాతం నేరుగా సైన్యానికి పోయేలా ఒక చట్టం దశాబ్దాల పాటు నడిచింది. రాగి ధర పెరిగితే చాలు, ఏ ప్రమాదమూ లేకపోయినా ఆయుధాల కొనుగోలు పెరిగేది. 2019లో దాన్ని రద్దు చేశారు. ఆ కాలంలో చిలీ ఖర్చు ఎందుకు పెరిగిందని సరిహద్దుల్లో వెతికితే దొరకదు, లోహాల మార్కెట్‌లో దొరుకుతుంది. చమురు దేశాల విషయంలోనూ ఇది కొంతవరకు నిజం.

నా సలహా అడిగితే, దేశాలను దేశాలతో పోల్చడానికి సిప్రి అంకెలు తీసుకోండి, ఎందుకంటే అన్ని దేశాలకూ వీలైనంత వరకు ఒకే నిర్వచనం వాడతారు. నాటో సభ్యులను తమలో తాము పోల్చాలంటే నాటో పట్టిక. ఒకే దేశంలో డబ్బు ఏ పద్దుకు ఎంత వెళ్లిందో కావాలంటే ఆ దేశ బడ్జెట్ పత్రాలు. ఒకే పోలికలో రెండు మూలాలను కలపొద్దు. ఉక్రెయిన్ లాంటి చోట ఇంకో మెలిక ఉంది. బయటి దేశాలు ఇచ్చిన ఆయుధాలను సిప్రి ఇచ్చినవాళ్ల ఖాతాలోనే వేస్తుంది. 34 శాతం అన్నది ఆ సాయం కాకుండా ఉన్న అంకె.

మరి ఏది ఎంచుకోవాలి?

రెండు దేశాల బలం పోల్చాలనుకుంటే డాలర్లు, పీపీపీ రెండూ తీసుకుని, వాటి పక్కన ఆయుధ సామగ్రి వాటా పెట్టుకోండి. ప్రజల మీద భారం గురించి మాట్లాడాలంటే జీడీపీ శాతం, అదీ ఒక్క ఏడాదిది కాకుండా కనీసం పదేళ్ల వరుస. హారం ఎలా కదిలిందో విడిగా చూసుకోండి. ప్రభుత్వ ప్రాధాన్యాల గురించి అయితే ప్రభుత్వ మొత్తం ఖర్చులో వాటా. ఒక దేశం నిజంగా సైన్యాన్ని పెంచుతోందా లేదా అన్నదానికి సొంత కరెన్సీలో, ద్రవ్యోల్బణం తీసేసిన అంకెలు. ఒక్కటే ఎంచుకోమంటే నేను ఒకే దేశపు జీడీపీ శాతాన్ని ఇరవయ్యేళ్ల గీతగా తీసుకుంటాను. ఆ గీత ఎక్కడ వంగిందో అక్కడ ఏం జరిగిందో వెతికితే ‘ఎందుకు’ అన్నదానికి జవాబు దొరుకుతుంది.

ఏ కొలతకూ చిక్కని దేశాలూ ఉన్నాయి. ఐస్‌లండ్‌కు సొంత సైన్యం లేదు, తీర రక్షక దళమే ఉంది. అయినా 1949లో నాటో స్థాపక సభ్యదేశం. 2006లో అమెరికా దళాలు కెఫ్లావిక్ స్థావరం వదిలి వెళ్లాక, 2008 నుంచి మిత్రదేశాల విమానాలు వంతులవారీగా వచ్చి ఆ గగనతలాన్ని కాస్తున్నాయి. ఆ కాపలా ఖర్చు ఇంకొకరి పద్దులో ఉంటుంది.

కోస్టారికాది ఇంకో దారి. అంతర్యుద్ధం ముగిసిన 1948లో, డిసెంబరు 1న, ఆ యుద్ధంలో గెలిచి పాలన చేపట్టిన హోసే ఫిగెరెస్ రాజధానిలోని బెల్లావిస్తా సైనిక శిబిరం దగ్గర సుత్తి పట్టుకుని గోడను మోదాడు. సైన్యం రద్దయింది, 1949 రాజ్యాంగంలోకి అది ఎక్కింది. ఆ శిబిరంలో ఇప్పుడు జాతీయ మ్యూజియం ఉంది. 1955లో నికరాగువా వైపు నుంచి దాడి జరిగినప్పుడు అమెరికా ఖండాల దేశాల సంస్థ రంగంలోకి దిగింది. ఈనాటికీ ఆ దేశానికి సాయుధ పోలీసులున్నారు, వాళ్ల ఖర్చు ప్రజా భద్రతా శాఖ కింద వస్తుంది. సిప్రి పట్టికలో మాత్రం కోస్టారికా ఎదురుగా సున్నా ఉంటుంది.